చదవకుండానే గౌరవించడం

కొన్నేళ్ల కిందట ఒక మహిళా కళాశాలలో స్త్రీల సాహిత్య చరిత్ర మీద సదస్సు జరిగింది. ముద్దుపళని గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ విషయం నాకు కొత్త కాదు. అప్పటికే నాలుగు వ్యాసాలు రాశాను. కాగితం చూడకుండా నలభై నిమిషాలు మాట్లాడగలను. ఆ రోజూ అలాగే మాట్లాడాను. తంజావూరు ఆస్థానం, బెంగుళూరు నాగరత్నమ్మ పట్టుదల, వీరేశలింగం గారి తిట్లు, 1911 నాటి నిషేధం, ముప్ఫై ఆరేళ్ల తర్వాత ఆ నిషేధం ఎత్తివేత. చప్పట్లు బాగానే పడ్డాయి.

ప్రశ్నలు అడగమన్నప్పుడు చివరి వరసలోంచి ఎమ్మే చదివే అమ్మాయి ఒకతి లేచింది. "మేడమ్, రాధికా సాంత్వనంలో మీకు బాగా ఇష్టమైన పద్యం ఏది?" అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. రాసుకోవడానికి నోటుబుక్కు తెరిచి పెట్టుకుని, పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడింది.

నేను నవ్వాను. "ఒకటని ఎలా చెప్పనమ్మా, అన్నీ బాగుంటాయి" అన్నాను. సభలో నవ్వులు. అధ్యక్షురాలు టీ విరామం ప్రకటించింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం చూసి, నోటుబుక్కు మూసేసింది.

నేను ఆ పుస్తకం చదవలేదు.

ఈ మాట రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. పుస్తకం నా దగ్గర లేక కాదు. ఎప్పుడో పుస్తక ప్రదర్శనలో కొని, అట్ట వేసి, బీరువాలో రెండో అరలో పెట్టుకున్నాను. సంకలనాల్లో వచ్చిన పద్యాలు చదివాను. ఇతరుల వ్యాసాల్లో ఉదాహరణగా ఇచ్చినవి చదివాను. అన్నీ కలిపి పది పన్నెండు ఉంటాయేమో. నాగరత్నమ్మ పీఠిక చదివాను. కథాసంగ్రహం చదివాను. పుస్తకంలో ఉన్నవి 584 పద్యాలు. తక్కిన అయిదు వందల డెబ్బయి నేను ఎన్నడూ తెరవలేదు. తెరవకుండానే ఆ కవయిత్రిని మన పూర్వీకురాలని చెప్పుకుంటూ తిరిగాను.

చదవాలనుకుని చదవని పుస్తకాల జాబితా చదువుకున్న ప్రతివాళ్లకీ ఉంటుంది. మా తెలుగు శాఖలో టీ తాగుతూ అప్పుడప్పుడు దాని మీద హాస్యాలాడుకునేవాళ్లం. పద్దెనిమిది పర్వాలూ మొదటి నుంచి చివరిదాకా చదివినవాళ్లు చేతులెత్తండి అంటే అందరం టీకప్పుల్లోకి చూసుకునేవాళ్లం. "రిటైరయ్యాక చదవాలండీ" అనేది అందరి సమాధానం. నా జాబితాలో కవిత్రయ భారతం ఉంది, మొల్ల రామాయణం సాంతం ఉంది, తరిగొండ వెంగమాంబ రచనలు ఉన్నాయి, రంగాజమ్మ మన్నారుదాస విలాసం ఉంది. నేను రిటైరయి కూడా చాలాకాలమైంది. జాబితా అలాగే ఉంది.

ఇలాంటి జాబితా గురించి స్త్రీలుగా మనకు మొదట తోచే మాట ఒకటుంది. తీరిక ఎక్కడిది? ఈ మాట అబద్ధం కాదు. మా అమ్మ సంగతి చెబుతాను.

మా నాన్న భారతం సంపుటాలు కొని అద్దాల బీరువాలో పెట్టాడు. వాటిని ఏటా ఎండలో పెట్టడం, దుమ్ము దులపడం, పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకు పెట్టడం అమ్మ పని. ముప్ఫై ఏళ్లు ఆ పని చేసింది. చదవడం మాత్రం నాన్న పని. ఆయన ఆదివారం మధ్యాహ్నం పడక్కుర్చీలో కూర్చుని నాలుగు పద్యాలు పైకి చదివి, అర్థం చెప్పి, నిద్రపోయేవాడు. అమ్మ వంటింట్లోంచి వినేది. అయిదో తరగతి వరకే చదివినా తెలుగు ధారాళంగా చదవగలదు. వారపత్రికలో సీరియల్ వచ్చిన రోజునే పూర్తి చేసేది. "భారతం కూడా చదవాలే, మీరంతా ఒక ఒడ్డుకు చేరాక" అనేది.

మేం ఒడ్డుకు చేరాక మనవలు వచ్చారు. ఆవిడకి అరవై ఏళ్లు దాటాక ఒకసారి దొడ్లో జారి కాలు విరిగింది. మూడు నెలలు మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. ఆ మూడు నెలల్లో అమ్మ ఆదిపర్వం చదివింది. తెలియని మాటల కింద పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకుని, నాన్నని అడిగి తెలుసుకుంటూ చదివింది. కాలు నయమైంది, పుస్తకం మళ్లీ బీరువాలోకి వెళ్లింది. "నడక వచ్చింది, చదువు పోయింది" అని తనే నవ్వేది. మిగిలిన పర్వాలు ఆవిడ చదవలేదు. ఒక ఆడమనిషి ఆదిపర్వం చదవడానికి కాలు విరగవలసి వచ్చిందంటే, తీరిక అనేది సొంత ఇష్టం మీద ఆధారపడిన సంగతి కాదని వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

అయితే ఆ మూడు నెలల్లో జరిగిన ఒక సంగతి నాకు ఇన్నేళ్ల తర్వాత మరో అర్థంలో గుర్తొస్తోంది. నేను సెలవులకి వెళ్లినప్పుడు అమ్మ శకుంతలోపాఖ్యానం పూర్తి చేసి ఉంది. నన్ను చూడగానే, "ఏమే, నువ్వు కాలేజీలో చెబుతావుగా, ఇందులో ఉంగరం ఏదీ?" అని అడిగింది.

ఉంగరం లేదు. భారతంలో దుర్వాసుడి శాపమూ లేదు, ఉంగరమూ లేదు. అవి కాళిదాసు నాటకంలో ఉన్నవి. 1966లో వచ్చిన సినిమాలో ఎన్టీ రామారావు దుష్యంతుడు. అమ్మకి తెలిసిన శకుంతల కథ ఆ సినిమాదే. అందులో రాజు మరిచిపోతాడు, పాపం శాపం వల్ల మరిచిపోతాడు. నన్నయ భారతంలో రాజు మరిచిపోలేదు. కొడుకుని వెంటబెట్టుకుని వచ్చిన భార్యని నిండు సభలో ఎరగనంటాడు. ఆవిడ సత్యం గురించీ, కొడుకు గురించీ ఎంత చెప్పినా ఒప్పుకోడు. చివరికి ఆకాశవాణి పలికాక, లోకులు ఏమంటారోనని అలా అన్నానంటాడు.

"తెలిసీ నోరు మూసుకున్నాడుట!" అంది అమ్మ. కాస్సేపాగి, "ఆ ఆకాశవాణి పలక్కపోయుంటే ఆవిడ గతేం కాను?" అంది.

నేను ఆ ఉపాఖ్యానం పాఠంగా చెప్పినదాన్ని. నన్నయ ప్రసన్నకథాకలితార్థయుక్తి, శకుంతల ధీరత్వం, సత్యవాక్య మహిమ, అన్నీ చెప్పేదాన్ని. ఒక స్త్రీ ఎంత చక్కగా వాదించినా ఆవిడ మాట సభలో చెల్లలేదనీ, చెల్లడానికి ఆకాశం దిగి రావలసి వచ్చిందనీ నాకు తోచలేదు. అమ్మ చదివింది ఒక్క పర్వం. కానీ చదివింది. కనక లేని ఉంగరం లేనట్టుగా కనిపించింది.

ఇక నా సంగతి. తీరిక లేదనే మాట అమ్మ నోట నిజం. నా నోట ఎంత నిజం? ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, అత్తగారి జబ్బు, అన్నీ ఉన్నాయి, కాదనను. కానీ అదే కాలంలో ముద్దుపళని మీద నాలుగు వ్యాసాలు రాయడానికి తీరిక దొరికింది. సదస్సులకి రైళ్లలో రాత్రిళ్లు ప్రయాణం చేయడానికి దొరికింది. నాలుగు వ్యాసాలు రాయడానికి పట్టిన కాలంలో ఆ చిన్న కావ్యం రెండుసార్లు చదవవచ్చు. నా విషయంలో తీరిక అనేది కారణం కాదు, మర్యాదగా కనిపించే సాకు. స్త్రీలందరి అనుభవంలోంచి పుట్టిన ఒక నిజాన్ని నా సొంత బద్ధకానికి అడ్డం పెట్టుకున్నాను.

బద్ధకం అని తేల్చేసినా పూర్తి నిజం చెప్పినట్టు కాదు. లోపల రెండు భయాలున్నాయి. మొదటిది పద్యం భయం. తెలుగు చెప్పుకుని బతికినదాన్ని, అయినా వ్యాఖ్యానం లేకుండా ఒక ప్రబంధాన్ని నేరుగా చదివితే ఎన్నిచోట్ల ఆగిపోతానో నాకు తెలుసు. మా తరం చాలామందిమి ప్రబంధాలని సిలబస్‌లో ఇచ్చిన ఘట్టాల మేరకు చదివాం, మిగతావి చరిత్ర పుస్తకాల్లో తెలుసుకున్నాం. తర్వాత స్త్రీవాదులమై వాటిని విమర్శించాం. విమర్శలో తప్పు లేదు, చదువులోనే తరుగు ఉంది. రెండో భయం ఇంకా లోతైంది. పుస్తకం చదివితే, దాని గురించి నేను చెబుతూ వస్తున్న మాటలు నిలబడకపోవచ్చు.

ఈ సంగతి నా చిరకాల స్నేహితురాలితో ఫోన్‌లో చెప్పాను. ఆవిడ మహిళా సంఘాల్లో పని చేసిన మనిషి. "నువ్వు మరీను!" అని కోప్పడింది. "మనకి ఆవిడ పేరు కావలసొచ్చింది. ఒక ఆడది రాసిన పుస్తకాన్ని బూతని నిషేధించారనే చరిత్ర కావలసొచ్చింది. ఆ చరిత్ర నిజమే కదా? అది చెప్పడానికి పద్యాలన్నీ చదివి ఉండాలా? చదివినవాళ్లే మాట్లాడాలంటే, పద్యం చదువు ఏ కులాలకి దక్కిందో వాళ్ల చేతికే మళ్లీ ముద్దుపళనిని అప్పజెప్పినట్టు అవుతుంది."

ఈ మాటకి నా దగ్గర తేలిక జవాబు లేదు. ఆవిడ చెప్పింది న్యాయమైన మాట. మనకి తెలిసినదాంట్లో చాలాభాగం ఇంకొకరి చదువు మీద నమ్మకంతో తెలిసిందే. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991లో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనం ముద్దుపళని కథతోనే తన పీఠికని మొదలుపెట్టకపోతే, నావంటివాళ్లు ఎంతమంది ఆ పేరు పట్టుకునేవాళ్లం? ఆ పీఠిక మన కోసం చేసిన పని పెద్దది. నేను చేసిన పొరపాటు, ఆ తలుపు దగ్గరే ముప్ఫై ఏళ్లు నిలబడి ఇల్లంతా చూశానని చెప్పుకోవడం.

చదవడాన్ని మాట్లాడేందుకు లైసెన్సుగా పెట్టమని నేనూ అనను. చదువు అందనివాళ్లు వేరు, అంది కూడా చదవనివాళ్లు వేరు. నెలనెలా జీతం తీసుకుని తెలుగు సాహిత్యం చెప్పినదాన్ని, ఒక అమ్మాయి పెన్ను పట్టుకుని పద్యం అడిగితే నవ్వి తప్పించుకున్నదాన్ని, నేను రెండో రకం. కనక ఈ అప్పు అందరిదీ కాదు, నాది. నావంటివాళ్లది.

అప్పు అని ఎందుకంటున్నానో చెప్పాలంటే ఈ పుస్తకం మన దాకా ఎలా వచ్చిందో మరోసారి చూడాలి. ఈ కథ నేను ఎన్నోసార్లు చెప్పాను, కానీ అందులో ముఖ్యమైన మలుపుని దాటేస్తూ చెప్పాను.

ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు నేలిన మరాఠా రాజు ప్రతాపసింహుడి ఆస్థానానికి చెందిన వేశ్య, విదుషి. ఆవిడ కావ్యం పంతొమ్మిదో శతాబ్దం చివర ఒకసారి అచ్చయింది. కందుకూరి వీరేశలింగం గారు కవుల చరిత్రలో ఆవిడ గురించి రాస్తూ, ఇందులో ఉన్నవి స్త్రీలు వినకూడనివి, స్త్రీ నోట రాకూడనివి అన్న ధోరణిలో తీర్పు చెప్పారు. 1881లో రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించి, ఎందరో స్త్రీల బతుకుల్ని మార్చిన మనిషే ఆయన. మంచి స్త్రీ ఎలా ఉండాలో ఆయనకి ఒక నిశ్చయం ఉంది. ముద్దుపళని అందులో ఇమడలేదు.

బెంగుళూరు నాగరత్నమ్మ ఆ తీర్పు విని ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. ఆవిడా దేవదాసి కుటుంబంలో పుట్టిన స్త్రీ, సంగీత విద్వాంసురాలు, సంస్కృతాంధ్రాలు చదువుకున్నది. అచ్చు పుస్తకం సంపాదించి చదివింది. తర్వాత రాతప్రతి చేతికి వస్తే రెంటినీ పోల్చి చూసింది. అచ్చులో పద్యాలు కొన్ని లేవు. కవయిత్రి తన గురించి తను చెప్పుకున్న అవతారిక లేదు. వాటిని మళ్లీ చేర్చి, పరిష్కరించి, 1910లో వావిళ్లవారి ద్వారా ప్రచురించింది. సిగ్గు అనేది ఆడవాళ్లకేనా, మగవాళ్లకి అక్కర్లేదా అని పీఠికలో నిలదీసింది. 1911లో ప్రభుత్వం అశ్లీలమని ప్రతుల్ని పట్టుకుంది. నిషేధం 1947లో టంగుటూరి ప్రకాశం గారి చొరవతో తొలగింది. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చువేశారు. నాగరత్నమ్మ చనిపోయింది ఆ ఏడాదే.

మనం ఉపన్యాసాల్లో నాగరత్నమ్మ నిలదీసిన మాటల్ని చెబుతాం, పోలీసుల సంగతి చెబుతాం. దాటేసే మలుపు ఒకటుంది. అచ్చులో పద్యాలు తగ్గాయని ఆవిడకి ఎలా తెలిసింది? చదివింది కనక తెలిసింది. రసవంతమైన కావ్యమని, ఎన్నిసార్లు చదివినా మళ్లీ చదవాలనిపించిందని, రాసింది స్త్రీ అని, అందులోనూ తమ కులపు స్త్రీ అని ఆవిడ చెప్పుకుంది. ఆవిడ కోపానికి ముందు ఆవిడ చదువు ఉంది. పద్యం పద్యం చూసుకున్న మనిషి కనక ఎవరో తీసేసిన చోటు ఆవిడకి బోసిగా కనిపించింది. ఆ పద్యాలు నావంటిదాని చేతిలో పోయి ఉంటే, పోయాయని కూడా నాకు తెలిసేది కాదు.

ఇక్కడే నాకు గుచ్చుకునే సంగతి ఒకటుంది. వీరేశలింగం గారు ఆవిడని తిట్టారు, నేను పొగిడాను. ఆయన తన అభిప్రాయానికి కావ్యంలోని మాటల్ని ఆధారం చేసుకున్నారు. నేను ఆయన తిట్లని ఆధారం చేసుకున్నాను. ఆయనకి ముద్దుపళని ఒక దుష్ట ఉదాహరణ, నాకు మంచి ఉదాహరణ. ఇద్దరికీ ఉదాహరణే. కవిని చదవకుండా నెత్తిన పెట్టుకోవడం, కవిని బీరువాలో పెట్టి వేపాకు వేయడం, రెంటికీ ఎంత తేడా?

సదస్సు నుంచి వచ్చాక చాలా రోజులు ఆ పుస్తకం వైపు చూడలేకపోయాను. చివరికి ఒక ఉదయం తీశాను. రోజుకి అయిదు పద్యాలు అని నియమం పెట్టుకున్నాను. పక్కన శబ్దరత్నాకరం. కొన్ని రోజులు అయిదు పద్యాలకి గంటన్నర పట్టేది. కొన్ని రోజులు పదిహేను చదివి కూడా ఆపబుద్ధి అయ్యేది కాదు. మొత్తానికి నాలుగు నెలల్లో పూర్తయింది. నా మొదటి భయం సగమే నిజమైంది. చాలా పద్యాలు నేననుకున్నంత కఠినంగా లేవు. ఆవిడ భాషలో మాట్లాడే మనిషి గొంతు ఉంది.

రెండో భయం మాత్రం పూర్తిగా నిజమైంది. నేను చెబుతూ వచ్చిన మాటలు నిలబడలేదు. అబద్ధాలు కావు, చాలలేదు.

నేను ఎప్పుడూ చెప్పేది, స్త్రీ కోరికని స్త్రీ గొంతుతో నిస్సంకోచంగా చెప్పిన కావ్యం ఇది అని. నిజమే. కోరికలో చొరవ తీసుకునే రాధ ఉంది. అయితే కథ ఎక్కడ మొదలవుతుంది? రాధ ఇళ అనే పిల్లని పెంచుతుంది. ఆ పిల్ల ఈడేరుతుంది. రాధే దగ్గరుండి ఆ పిల్లని తన ప్రియుడైన కృష్ణుడికిచ్చి పెళ్లి చేస్తుంది. తొలిరాత్రికి ఆ పిల్లకి బుద్ధులు చెబుతుంది. ఆ పిల్లతో ఎంత మెత్తగా మసలుకోవాలో కృష్ణుడికీ చెబుతుంది. తర్వాత ఒంటరిగా మిగిలి, తను చేసిన పనికి తనే కాలిపోతుంది. కోపం, అసూయ, నింద. కృష్ణుడు వచ్చి ఆవిడని ఊరడించడమే సాంత్వనం.

కృష్ణుడికి రాధ చెప్పే ఆ పద్యాలు సంకలనాల్లో కనిపిస్తాయి. విడిగా చదివినప్పుడు అవి నాకు సున్నితంగా, ధైర్యంగా కనిపించాయి. ఒక స్త్రీ మగవాడికి ప్రేమించడం నేర్పుతోంది అని రాశాను కూడా. వరసలో వాటి దగ్గరికి వచ్చేసరికి చదవడం ఆపి కూర్చున్నాను. చెబుతున్నది ఆ మగవాణ్ని పోగొట్టుకోబోయే మనిషి. ఎవరి గురించి చెబుతోందో ఆ పిల్ల తను పెంచిన పిల్ల. మాటల్లో జాగ్రత్త ఉంది, ఆరిందాతనం ఉంది, ఆ కింద వణుకు ఉంది. అది త్యాగమా, గొప్పతనం చూపుకోవడమా, గత్యంతరం లేక చేసిన పనా? ముందుతరం స్త్రీ తరవాతి తరం ఆడపిల్లకి తన విద్యనీ తన స్థానాన్నీ అప్పజెప్పే ఇల్లు ముద్దుపళనికి తెలిసిన ఇల్లే. అవతారికలో తన కుటుంబంలోని స్త్రీల పేర్లు చెప్పుకుని గర్వపడిన కవయిత్రి ఆవిడ. అలాంటి ఇంట్లో పిల్లని తయారుచేయడం అంటే ఏమిటో, పక్కకి తప్పుకోవడం అంటే ఏమిటో ఆవిడకి ఊహించి రాయవలసిన అవసరం ఉండి ఉండదు.

మరి ఇళ? ఈడేరగానే పెంచిన తల్లి వంటిదాని చేతుల మీదుగా ఆవిడ ప్రియుడికి భార్య అయిన పిల్ల వైపు నుంచి ఈ కథ ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. స్త్రీ కోరిక అనే మాట అంత పెద్దగా రాసి గోడకి అంటించాక, ఆ గోడ వెనక ఉన్న పిల్ల ఎలా కనిపిస్తుంది? ఇది చదివాక ముద్దుపళని నాకు చిన్నదైపోలేదు. జెండా మీద బొమ్మలా ఉన్న మనిషి కవి అయింది. ఆవిడతో విభేదించగలుగుతున్నాను. విభేదించడానికి కూడా ముందు చదవాలి కదా. చదవనివాళ్లకి మిగిలేది మెచ్చుకోవడమో తిట్టడమో, అంతే.

అందుకని నాకు ఇప్పుడు అనిపించేది ఇది. మన ముందు తరాల రచయిత్రుల పట్ల మనకున్న బాధ్యత వాళ్ల పేర్లని జాబితాల్లోకి ఎక్కించడంతో తీరదు. ఆ పని అవసరమే, ఇంకా పూర్తి కూడా కాలేదు. కానీ రాసిన మనిషి కోరుకునేది పేరు తలుచుకోవడాన్ని మించింది. రాసినదాన్ని ఎవరో ఒకరు మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదవాలని, చదివి ఔననో కాదనో అనాలని. మనలో రాసేవాళ్లందరికీ ఈ కోరిక ఎంత తీవ్రమో తెలుసు. పుస్తకం చదవకుండా సభలో పొగిడినవాళ్లని మనం ఇంటికి వచ్చాక ఏమనుకుంటామో కూడా తెలుసు. ముద్దుపళనికి ఇంటికెళ్లి అనుకునే అవకాశం లేదు కనక ఆవిడ పట్ల ఆ మర్యాద అక్కర్లేదనుకున్నామా?

అన్నీ చదవడం ఎవరివల్లా కాదు. చదవాలనుకుని చదవకుండా పోయే పుస్తకాలు ప్రతి జీవితంలోనూ మిగులుతాయి. అందులో సిగ్గుపడవలసింది లేదు. "చదవాలి" అనే ఆశ మంచిదే, అమ్మని ముప్ఫై ఏళ్లు ఆ బీరువా దగ్గర నిలబెట్టింది అదే. ఆ ఆశ చదివినట్టు నటించడం దగ్గరికి చేరినప్పుడే పాడవుతుంది. కనక నాకు నేను ఒక చిన్న కట్టుబాటు పెట్టుకున్నాను. ఇకమీద ఏ పుస్తకం గురించి మాట్లాడినా ఎంతవరకు చదివానో ముందు చెబుతాను. వెంగమాంబవి ఇంకా చదవలేదు. మొల్ల రామాయణం ముక్కలుగా చదివాను. రంగాజమ్మని కథాసంగ్రహంగా తప్ప ఎరగను. ఈ మూడు వాక్యాలు రాయడం నేననుకున్నంత కష్టంగా లేదు.

ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు. ఏ ఊరో తెలియదు. ఇప్పుడైతే ఆవిడ ప్రశ్నకి జవాబు చెప్పగలను. కృష్ణుడికి రాధ జాగ్రత్తలు చెప్పే పద్యాలే నాకు అన్నిటికంటే ఇష్టం, అన్నిటికంటే ఇబ్బంది పెట్టినవీ అవే, ఎందుకో చెప్పాలంటే కూర్చో అమ్మా అంటాను. ఆవిడ ఈపాటికి ఎక్కడో పాఠాలు చెబుతూ ఉంటుంది. నా జవాబు కోసం ఆగకుండా పుస్తకం తనే చదివేసి ఉంటే మరీ మంచిది.

అమ్మ భారతం సంపుటాలు ఇప్పుడు మా ఇంట్లో ఉన్నాయి. ఆదిపర్వంలో ఆవిడ పెట్టిన పెన్సిల్ చుక్కలు ఇంకా కనిపిస్తున్నాయి. సభాపర్వంలో ఒక్కటీ లేదు. నిన్నటి నుంచి నేను అక్కడ మొదలుపెట్టాను, రోజుకి అయిదు పద్యాలు. పెన్సిల్ కూడా పక్కన పెట్టుకున్నాను.